పాత పద్ధతుల టీమ్‌లో కొత్త టూల్స్ పెట్టడం ఎలా: వద్దనేవాళ్ళతో కలిసి చేసే పూర్తి పద్ధతి

"మా దగ్గర కోడ్ ఇంకా షేర్డ్ ఫోల్డర్‌లోనే ఉంది, గిట్ అంటే సీనియర్లు వద్దంటున్నారు, ఏం చేయాలి" అని అడిగేవాళ్ళు ఆగట్లేదు. కొందరిది సబ్‌వెర్షన్ (గిట్‌లాగే కోడ్‌లో ప్రతి మార్పునీ ఎవరు, ఎప్పుడు చేశారో దాచిపెట్టే టూల్, కానీ పాత తరానిది), కొందరికి రిలీజ్ బిల్డ్ (కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చడం) ఒక్కరి మెషీన్ మీదే అవుతుంది, ఇంకొందరికి టెస్టులంటే రిలీజ్ ముందు రోజు నలుగురు కూర్చుని స్క్రీన్లు నొక్కి చూడటమే. అడిగేది మాత్రం ఒకటే, టీమ్‌ని ఒప్పించడం ఎలా అని.

నా మాట ముందే చెప్పేస్తా. ఒప్పించడం మీద పెట్టే టైమ్ చాలావరకు వేస్ట్. వద్దనేవాళ్ళు చెప్పే కారణాలు చూస్తే అందులో ఎక్కువ భాగం ఎవరో ఒకరు చేయాల్సిన పనులే, ఎవరూ చేయలేదు కాబట్టి అభ్యంతరాలుగా మిగిలాయి. ఆ పనులు మీరు చేసేస్తే వాదించడానికి పెద్దగా ఏమీ మిగలదు. కింద ఉన్నదంతా ఆ పనులు ఏంటి, ఏ వరసలో చేయాలి అనేదే.

మేనేజర్ కాని ఒక డెవలపర్, చిన్న టీమ్, ఆపడానికి వీల్లేని పాత సాఫ్ట్‌వేర్, ఈ మూడూ ఉన్న పరిస్థితిని దృష్టిలో పెట్టుకుని రాశాను. రెండో మెట్టులో చెప్పిన ఒక్క సందర్భంలో తప్ప వరస మాత్రం మార్చకండి, చాలామంది దెబ్బతినేది అక్కడే.

1. ఎవరు ఎందుకు వద్దంటున్నారో ముందు రాసుకోండి

టూల్ పేరు ఎత్తకుండా ఒక్కొక్కరితో విడిగా మాట్లాడండి. మీటింగ్‌లో అడిగితే అందరూ పెద్దాయన మొహం చూసి మాట్లాడతారు, అసలు కారణం బయటికి రాదు.

"మీరు గిట్ ఎందుకు వాడట్లేదు" అని అడగొద్దు, అది విచారణలా ఉంటుంది. "సార్, పోయినసారి రిలీజ్‌లో ఎక్కువ టైమ్ ఎక్కడ పోయింది?", "ఈ కోడ్‌లో ముట్టుకోవాలంటే భయమేసే ఫైల్ ఏది?", "ఇంతకుముందు ఇలాంటి మార్పు ఏదైనా ట్రై చేశారా, ఏమైంది?" ఇలా అడగండి. మూడో ప్రశ్నకి వచ్చే జవాబు బంగారం, ఎందుకంటే చాలాచోట్ల ఒకసారి ఎవరో ఉత్సాహంగా మొదలుపెట్టి మధ్యలో ఉద్యోగం మారి వెళ్ళిపోయి ఉంటారు, సగం మారిన వ్యవస్థని సర్దుకుంటూ బతికింది వీళ్ళే.

వచ్చే కారణాలు దాదాపు ఇలా ఉంటాయి:

- "రాత్రి ప్రొడక్షన్ పడిపోతే ఫోన్ వచ్చేది నాకే." ఇది భయం కాదు, బాధ్యత. ఆ ఫోన్ మొదటి కొన్ని నెలలు మీకు కూడా వచ్చేలా చేసుకోండి.
- "నేర్చుకునే టైమ్ లేదు." నిజమే, డెడ్‌లైన్ ఎవరూ జరపలేదు కదా. నేర్చుకునే గంటలు ప్లాన్‌లో రాయించాలి, ఆదివారాల్లో నేర్చుకోమంటే కుదరదు.
- "మన కోడ్‌కి అది సెట్ కాదు." కొన్నిసార్లు అక్షరాలా నిజం. పెద్ద బైనరీ ఫైళ్ళు, ఒకే పాత కంపైలర్ మీద పనిచేసే కోడ్, బయటి నెట్‌వర్క్ లేని మెషీన్లు ఉంటే మామూలు సలహాలు పనిచేయవు.
- "ఇన్నేళ్ళ తర్వాత నేను కొత్తవాళ్ళ దగ్గర నేర్చుకోవాలా?" ఇది నోటితో ఎవరూ అనరు, మీరే కనిపెట్టాలి. దీనికి ఆరో మెట్టులో దారి ఉంది.
- "నా ప్రతి మార్పు అందరికీ కనిపిస్తుంది." దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. కమిట్ (సేవ్ చేసి నమోదు చేసిన ఒక్కో మార్పు) లెక్కలు అప్రైజల్‌కి వాడబోమని మేనేజర్‌తో రాతపూర్వకంగా చెప్పించండి, అవి పనితనానికి కొలత కాదు కూడా.

పేర్లు వేయకుండా ఈ కారణాలన్నీ ఒక పేజీలో రాసి, ఒక్కోదాని పక్కన "దీనికి ఏం చేయాలి" అని కాలమ్ పెట్టండి. అదే మీ ప్రాజెక్ట్ ప్లాన్.

2. ఒక్క నొప్పి, ఒక్క టూల్

గిట్, ఆటోమేటిక్ బిల్డ్, కోడ్ రివ్యూ, కంటైనర్లు (ప్రోగ్రామ్‌ని దానికి కావాల్సినవాటితో కలిపి ప్యాక్ చేసే పద్ధతి) అన్నీ ఒకే స్లైడ్ మీద చూపిస్తే ఎవరైనా వద్దనే అంటారు, నేనైనా వద్దనే అంటాను.

మీ టీమ్‌కి వారం వారం తగిలే నొప్పి ఒకటి ఎంచుకోండి. షేర్డ్ ఫోల్డర్ తెరిచి చూడండి ఒకసారి: "ఇన్‌వాయిస్_ఫైనల్", "ఇన్‌వాయిస్_ఫైనల్2", "ఇన్‌వాయిస్_ఫైనల్_వాడొద్దు", "ఇన్‌వాయిస్_పాతది_తీయకండి". ప్రొడక్షన్‌లో నడుస్తున్నది వీటిలో ఏదో చెప్పగలిగే మనిషి ఒక్కరే ఉంటారు, ఆయన సెలవు పెట్టిన రోజు పని ఆగిపోతుంది. ఇదే మీ నొప్పి అయితే ముందు వెర్షన్ కంట్రోల్, అంటే గిట్ లాంటి టూల్. వెర్షన్ కంట్రోల్ ఏదో ఒకటి ఉండి బిల్డ్‌కే ప్రాణాలు పోతుంటే మాత్రం గిట్‌కి మారడం తర్వాత చూసుకోవచ్చు, ఏడో మెట్టు నుంచి మొదలుపెట్టండి. సబ్‌వెర్షన్ మీద కూడా ఆటోమేటిక్ బిల్డ్ చక్కగా నడుస్తుంది.

మొదలుపెట్టే ముందు ఇవి కొలిచి పెట్టుకోండి, తర్వాత గుర్తుండదు:

- ఒక రిలీజ్‌కి ఎన్ని గంటలు, ఎంతమంది
- చేత్తో చేసే స్టెప్పులు ఎన్ని
- "ఇది ఎవరు మార్చారు" అని వెతకడానికి పట్టే టైమ్
- కొత్తగా చేరినవాళ్ళ మెషీన్‌లో కోడ్ మొదటిసారి బిల్డ్ అవ్వడానికి ఎన్ని రోజులు

3. పర్మిషన్లు ముందే తెచ్చుకోండి

ఇది బోరింగ్ పని, కానీ టీమ్ ఒప్పుకున్న రోజున సెక్యూరిటీవాళ్ళు ఆపేస్తే మళ్ళీ ఎవరూ మీ మాట వినరు.

- కోడ్ బయటి సర్వర్‌లో పెట్టొచ్చా, లేక లోపలి సర్వర్‌లోనే ఉండాలా
- ప్రాక్సీ వెనక నుంచి టూల్ పనిచేస్తుందా, సర్టిఫికెట్ ఎర్రర్లు వస్తున్నాయా
- టూల్ లైసెన్స్ ఏంటి. డెవలపర్ మెషీన్‌లో వాడే టూల్ వేరు, మన ప్రొడక్ట్‌తో కలిపి కస్టమర్‌కి ఇచ్చే లైబ్రరీ వేరు, లీగల్‌వాళ్ళకి ఈ తేడా మీరే చెప్పాలి
- కొత్త సర్వర్‌కి బ్యాకప్ ఎవరు తీస్తారు, ఆ బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చి చూశారా
- ఏఐ అసిస్టెంట్ గురించి అడుగుతుంటే కోడ్ ఎక్కడికి వెళ్తుంది, ఎంతకాలం దాచుకుంటారు అన్నది రాతలో తీసుకోండి. దాన్ని మాత్రం చివరికి పెట్టండి, టెస్టులు లేని పాత కోడ్‌లో అది రాసిచ్చింది కరెక్టో కాదో చూసుకునే దారే ఉండదు

4. ముందు మీ మెషీన్‌లో మీరొక్కరే నడపండి

టీమ్ లీడ్‌కి చెప్పే చేయండి, దొంగచాటుగా వద్దు. కానీ ఎవరినీ ఏమీ మారమని అడగొద్దు.

సబ్‌వెర్షన్ ఉన్నవాళ్ళకి "గిట్ ఎస్‌వీఎన్" అనే వంతెన ఉంది. "గిట్ ఎస్‌వీఎన్ క్లోన్"తో చరిత్ర మొత్తం దించుకుని లోకల్‌గా గిట్ వాడుకుంటూ, "గిట్ ఎస్‌వీఎన్ రీబేస్"తో కొత్త మార్పులు తెచ్చుకుని, "గిట్ ఎస్‌వీఎన్ డీకమిట్"తో మీవి సబ్‌వెర్షన్‌లోకే పంపొచ్చు. మిగతావాళ్ళకి తేడా తెలీదు. పెద్ద రిపోజిటరీ (కోడ్, దాని చరిత్ర ఉండే చోటు) అయితే మొదటి క్లోన్‌కి గంటలు పట్టొచ్చు, సాయంత్రం పెట్టి వెళ్ళండి.

షేర్డ్ ఫోల్డర్ అయితే ఆ ఫోల్డర్‌లోనే గిట్ పెట్టొద్దు, నలుగురు ఒకే వర్కింగ్ కాపీ మీద రాస్తే అంతా కలగాపులగం అవుతుంది. మీ మెషీన్‌లోకి కాపీ చేసుకుని, రోజూ సాయంత్రం ఫోల్డర్‌లో ఉన్నది మీ దాని మీదకి తెచ్చి ఒక కమిట్ చేయండి, స్క్రిప్ట్ రాసి పెట్టుకుంటే రెండు నిమిషాల పని. ఒక నెల గడిచేసరికి ఏ రోజు ఏ ఫైల్ మారిందో చెప్పగలిగింది టీమ్ మొత్తంలో మీరొక్కరే అవుతారు.

ఇక ఎదురుచూడండి. ఎప్పుడో ఒకరోజు "మొన్నటిదాకా పనిచేసింది, ఇప్పుడు రిపోర్ట్ తప్పొస్తోంది" అని ఎవరో సీనియర్ వస్తారు, అదే మీ అవకాశం. రోజువారీ కమిట్లు ఉంటే మార్పు వచ్చిన రోజుని పట్టుకోవచ్చు, సబ్‌వెర్షన్ చరిత్ర ఉంటే "గిట్ బైసెక్ట్" వాడండి: పనిచేసిన కమిట్ ఒకటి, పనిచేయని కమిట్ ఒకటి చెప్తే మధ్యలోది తీసి చూపిస్తుంది, బాగుందో లేదో మీరు చెప్తారు, మళ్ళీ సగానికి కోస్తుంది. 1,000 కమిట్లు ఉన్నా సుమారు 10 సార్లు చూస్తే సరిపోతుంది. ఆ సీనియర్ పక్కన కూర్చుని ఇది చేయండి, మీరు డ్రైవ్ చేయొద్దు, కీబోర్డు ఆయనకివ్వండి. స్లైడ్లు చేయలేని పని ఆ అరగంట చేస్తుంది.

5. మార్పిడి: అందరూ తొందరపడే చోటు

టీమ్ సరే అన్నాక వచ్చే మెట్టు ఇది. ఇక్కడ ఒక్క ఫైల్ తేడా వచ్చినా "మేం ముందే చెప్పాం" అంటారు, అనడంలో తప్పు కూడా లేదు. అందుకే ముందు కనీసం రెండు రిహార్సల్స్ చేయండి, ఆ తర్వాతే అసలు రోజు.

సబ్‌వెర్షన్ నుంచి గిట్‌కి వచ్చేవాళ్ళు చూసుకోవాల్సినవి:

- పేర్ల ఫైల్. పాత యూజర్ ఐడీలకి అసలు పేరు, ఈమెయిల్ జత చేసే ఫైల్ తయారుచేయండి. మానేసి వెళ్ళిపోయినవాళ్ళవి కూడా ఉండాలి, లేకపోతే క్లోన్ మధ్యలో ఆగిపోతుంది.
- రివిజన్ నంబర్లు. పాత బగ్ టికెట్లలో "రివిజన్ 4512లో సరిచేశాం" అని రాసి ఉంటుంది. గిట్ ఎస్‌వీఎన్ మామూలుగా ప్రతి కమిట్ మెసేజ్ కింద పాత రివిజన్ నంబర్ ఉన్న లైన్ ఒకటి పెడుతుంది. చూడ్డానికి బాలేదని దాన్ని తీసేసే ఆప్షన్ వాడతారు చాలామంది. తీయకండి, సంవత్సరాల తర్వాత కూడా ఆ నంబర్‌తో వెతుక్కోవచ్చు.
- కీవర్డ్స్. సబ్‌వెర్షన్‌లో కీవర్డ్స్ సెట్టింగ్ పెట్టిన ఫైల్‌లో డాలర్ గుర్తుల మధ్య రివిజన్ అని రాస్తే నంబర్ దానంతటదే పడుతుంది కదా, గిట్‌లో పడదు. "అబౌట్" స్క్రీన్‌లోనో లాగ్ ఫైల్‌లోనో వెర్షన్ నంబర్ దీన్నుంచే వస్తుంటే మారిన మర్నాడే నంబర్ లేకుండా కనిపిస్తుంది. ముందే వెతికి బిల్డ్ స్క్రిప్ట్‌తో నింపేలా మార్చండి.
- ఖాళీ ఫోల్డర్లు. గిట్ ఖాళీ ఫోల్డర్‌ని దాచుకోదు. "లాగ్స్", "టెంప్" లాంటి ఫోల్డర్ ఉండాలని ప్రోగ్రామ్ అనుకుంటే అందులో చిన్న డమ్మీ ఫైల్ ఒకటి పెట్టాలి.
- ఎక్స్‌టర్నల్స్. వేరే రిపోజిటరీ నుంచి లాక్కొచ్చే భాగాలు వాటంతటవి రావు. ఎన్ని ఉన్నాయో లెక్క తీయండి.
- ట్యాగులు. గిట్ ఎస్‌వీఎన్‌తో దించితే ట్యాగులు (ఒక్కో రిలీజ్‌కి పెట్టే గుర్తులు) బ్రాంచుల్లా (విడిగా సాగే పని దారుల్లా) వస్తాయి, వాటిని అసలు ట్యాగులుగా మార్చుకోవాలి.
- లాకింగ్. బైనరీ ఫారమ్‌లు, డిజైన్ ఫైళ్ళు మెర్జ్ అవ్వవు (ఇద్దరి మార్పులూ వాటంతటవి కలవవు), పాత సిస్టమ్‌లో లాక్ చేసుకుని పనిచేసేవాళ్ళు. మామూలు గిట్‌లో లాక్ లేదు, పెద్ద ఫైళ్ళ కోసం గిట్‌కి తగిలించే గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్‌లో ఉంది. సీనియర్లు "అది మనకి సెట్ కాదు" అన్నప్పుడు చాలాసార్లు వాళ్ళ మనసులో ఉన్నది ఇదే.

సబ్‌వెర్షన్ నుంచి వచ్చినా, షేర్డ్ ఫోల్డర్ నుంచి వచ్చినా ఈ నాలుగూ తప్పవు:

లైన్ ఎండింగ్స్. లైన్ చివర కనిపించకుండా ఉండే గుర్తు విండోస్‌లో ఒకలా, లినక్స్‌లో ఒకలా ఉంటుంది. రెండూ ఉంటే మొదటి కమిట్‌కి ముందే గిట్ అట్రిబ్యూట్స్ ఫైల్ పెట్టండి. తర్వాత పెడితే ఒక్క అక్షరం మారకపోయినా ఫైల్ మొత్తం మారినట్టు చూపిస్తుంది, ఆ రోజు టీమ్ నమ్మకం సగం పోతుంది.

పాస్‌వర్డులు. కాన్ఫిగ్ ఫైళ్ళలో డేటాబేస్ పాస్‌వర్డులు ఉంటాయి, చరిత్రలో కూడా ఉంటాయి. "గిట్ ఫిల్టర్-రిపో"తో చరిత్ర నుంచి తీసేయొచ్చు, కానీ తీసేసినంత మాత్రాన సరిపోదు, ఆ పాస్‌వర్డులు మార్చాల్సిందే.

పెద్ద ఫైళ్ళు. పాత డంపులు, ఇన్‌స్టాలర్లు చరిత్రలోకి రానివ్వొద్దు. గిట్‌హబ్ (గిట్ కోడ్ దాచే ఆన్‌లైన్ సర్వీస్) అయితే 100 ఎంబీ దాటిన ఫైల్‌ని మామూలు గిట్‌లో తీసుకోదు.

ఫైల్ టైమ్. చెక్అవుట్ చేసినప్పుడు గిట్ పాత తేదీలు నిలపదు. తేదీలు చూసి ఏది బిల్డ్ చేయాలో తేల్చుకునే మేక్ ఫైళ్ళు ఉంటే మొదటిసారి అంతా మళ్ళీ బిల్డ్ అవుతుంది, ముందే చెప్పి పెట్టండి.

అసలు రోజు వరస ఇది:

1. రిలీజ్ అయిపోయిన మర్నాడు పెట్టుకోండి, ముందు రోజు ఎప్పుడూ కాదు.
2. అందరూ చేతిలో ఉన్న మార్పులు పాత సిస్టమ్‌లోకి పంపాలి. ఒక టైమ్ చెప్పి ఆపేయండి.
3. పాతదాన్ని రీడ్-ఓన్లీ చేయండి. తీసేయొద్దు.
4. చివరి మార్పిడి నడపండి.
5. పాతదాన్నుంచి ఒక ఎక్స్‌పోర్ట్, గిట్ నుంచి ఒక ఫ్రెష్ క్లోన్ తీసి రెండు ఫోల్డర్లని ఫైల్ టు ఫైల్ పోల్చండి. సబ్‌వెర్షన్ ఎక్స్‌పోర్ట్‌కి కీవర్డ్స్ వద్దనే ఆప్షన్ ఇవ్వండి, లేకపోతే అనవసరమైన తేడాలు వందల్లో కనిపిస్తాయి.
6. అలా పోల్చి చూసేది మీరు కాదు, అందరికంటే గట్టిగా వద్దన్న మనిషి. తేడా లేదని ఆయన నోటి నుంచే రావాలి.
7. ఫ్రెష్ క్లోన్ నుంచి బిల్డ్ చేసి టెస్ట్ సర్వర్‌లో ఒకరోజు నడపండి.

6. నేర్పడం: ఏడు కమాండ్లు చాలు

మొదటి రెండు వారాలు క్లోన్, స్టేటస్, డిఫ్, యాడ్, కమిట్, పుల్ (సర్వర్ నుంచి తెచ్చుకోవడం), పుష్ (సర్వర్‌కి పంపడం). అంతే. బ్రాంచులు ఆ తర్వాత. రీబేస్ (కమిట్లని కొత్త చోట మళ్ళీ పేర్చే పని) గురించి మొదటి నెలలో నోరెత్తొద్దు, దాని మీద మీకెంత ఇష్టమున్నా సరే.

కమాండ్ లైన్ నచ్చనివాళ్ళని గ్రాఫికల్ టూల్ వాడనివ్వండి. విండోస్‌లో టార్టాయిస్ ఎస్‌వీఎన్‌కి అలవాటు పడినవాళ్ళకి టార్టాయిస్ గిట్ చేతికి తెలిసినట్టే ఉంటుంది.

క్లాసులు తీసుకోవడం కంటే పక్కన కూర్చోవడం మేలు. అందరి ముందు "ఇది తెలీదు" అనడం పదిహేనేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళకి కష్టం, విడిగా అయితే హాయిగా అడుగుతారు. అందుకే ముందు ఒక సీనియర్‌కి పూర్తిగా నేర్పి, మిగతావాళ్ళకి ఆయన చేత నేర్పించండి. మొదటి మెట్టులో చెప్పిన, ఎవరూ పైకి అనని ఆ కారణానికి దారి ఇదే.

అందరికంటే ముందు చూపించాల్సింది పోయిన పనిని వెనక్కి తెచ్చుకోవడం. కావాలని ఒక డమ్మీ రిపోలో కమిట్ పోగొట్టి, "గిట్ రిఫ్లాగ్"లో (మీ మెషీన్‌లో గిట్ రాసుకునే కదలికల చిట్టా) వెతికి వెనక్కి తెచ్చి చూపించండి, వాళ్ళ చేత కూడా చేయించండి. పోగొట్టుకున్న కమిట్లని రిఫ్లాగ్ మామూలుగా కనీసం 30 రోజులు గుర్తుంచుకుంటుంది. కమిట్ చేయని మార్పులకి మాత్రం ఈ రక్షణ లేదు, అది గట్టిగా చెప్పండి. చేతిలో ఉన్నది పోదని తెలిస్తే భయం తగ్గుతుంది, భయం తగ్గాకే నేర్చుకోవడం మొదలవుతుంది.

సర్వర్‌లో మెయిన్ బ్రాంచ్‌కి ఫోర్స్ పుష్ (అక్కడున్న చరిత్ర మీద బలవంతంగా రాసేయడం) బ్లాక్ చేయడం మొదటి రోజే చేయండి.

7. బిల్డ్‌ని ఒక మనిషి మెషీన్ నుంచి బయటికి తేవడం

బిల్డ్ సర్వర్ జోలికి వెళ్ళకముందు, బిల్డ్ చేసే మనిషి పక్కన కూర్చుని ఆయన చేసే ప్రతి పనీ రాసుకోండి. నొక్కే బటన్, కాపీ చేసే ఫైల్, "ఈ వార్నింగ్ వస్తే వదిలేయొచ్చు" అనే మాట, అన్నీ. ఆయన మర్చిపోయి చెప్పనివి చాలా ఉంటాయి, అందుకే రెండు రిలీజులు చూడండి.

తర్వాత దాన్ని ఒక్క స్క్రిప్ట్ చేయండి. ఆ స్క్రిప్ట్ ముందు ఆయన మెషీన్‌లోనే నడవాలి, ఆ తర్వాతే ఖాళీ మెషీన్‌లో. ఖాళీ మెషీన్‌లో మొదటిసారి ఖచ్చితంగా ఫెయిల్ అవుతుంది: ఎప్పుడో చేత్తో రిజిస్టర్ చేసిన డీఎల్‌ఎల్, ఎవరో మానేసినాయన పేరుతో ఉన్న సీ డ్రైవ్ ఫోల్డర్ పాత్, ఆ ఒక్క మెషీన్‌లోనే ఉన్న ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, యూఎస్‌బీలో గుచ్చిన లైసెన్స్ డాంగిల్. ఒక్కోటి పరిష్కరించి రిపోలోకో డాక్యుమెంట్‌లోకో ఎక్కించండి. ఇన్నాళ్ళూ బిల్డ్ చేసిన మనిషినే ఈ స్క్రిప్ట్‌కి ఓనర్‌ని చేయండి, ఆయన పని మీరు లాక్కున్నట్టు ఉండకూడదు.

ఆ తర్వాత బిల్డ్‌ని ఆటోమేటిక్‌గా నడిపే టూల్ జెన్‌కిన్స్ అయినా, గిట్‌ల్యాబ్ సీఐ అయినా ఆ స్క్రిప్ట్‌ని పిలవడమే, లాజిక్ అంతా స్క్రిప్ట్‌లోనే ఉంచండి, రేపు టూల్ మారినా స్క్రిప్ట్ మిగులుతుంది. బిల్డ్ 10 నిమిషాలు దాటితే జనం చూడటం మానేస్తారు, కాబట్టి పొడవాటి టెస్టులు రాత్రికి పెట్టండి.

డిప్లాయ్ (కొత్త వెర్షన్‌ని సర్వర్లలో పెట్టడం) కూడా ఇలాగే. "చేత్తో కాపీ చేస్తే ఏమవుతుంది, ఇన్నాళ్ళూ చేశాం కదా" అనేవాళ్ళకి చెప్పడానికి రికార్డులో ఉన్న ఉదాహరణ నైట్ క్యాపిటల్. 2012 ఆగస్టు 1న ఆ ట్రేడింగ్ కంపెనీ కొత్త కోడ్‌తో మార్కెట్‌లోకి దిగింది, 8 సర్వర్లలో ఒకదానికి మాత్రం ఆ కోడ్ వెళ్ళలేదు, ఎవరూ రెండోసారి చూసుకోలేదు. ఆ సర్వర్‌లో ఎప్పుడో వాడకం ఆపేసిన పాత కోడ్ లేచి ఆర్డర్లు పంపింది, 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం. మీ స్క్రిప్ట్‌లో కాపీ చేశాక ప్రతి సర్వర్‌లో వెర్షన్ అడిగి సరిపోల్చే స్టెప్ తప్పకుండా ఉండాలి.

8. టెస్టులు, ఫార్మాటర్, లింటర్

పాత కోడ్‌కి యూనిట్ టెస్టులతో (కోడ్‌లో ఒక్కో చిన్న భాగాన్ని విడిగా పరీక్షించేవి) మొదలుపెడితే తల ప్రాణం తోకకొస్తుంది. ముందు ఇప్పుడున్న ప్రవర్తనని పట్టి ఉంచండి: నిజమైన ఇన్‌పుట్‌లు కొన్ని తీసుకుని (కస్టమర్ వివరాలు తుడిచేసి), ఇప్పటి ప్రోగ్రామ్ ఇచ్చే అవుట్‌పుట్ ఫైల్‌గా దాచి, ప్రతి మార్పు తర్వాత పోల్చండి. తేదీ, సీరియల్ నంబర్ లాంటి ఎప్పుడూ మారేవి పోలికలోంచి తీసేయండి. ఆ అవుట్‌పుట్‌లో తప్పున్నా ఇప్పుడు సరిచేయొద్దు, దాని మీద ఆధారపడిన వేరే సిస్టమ్ ఉండొచ్చు, రాసి పెట్టుకోండి చాలు.

ఫార్మాటర్ (కోడ్‌లో స్పేసులు, బ్రాకెట్లు ఒకేలా సర్దే టూల్) నడిపితే ఒక్క కమిట్‌లో, వేరే ఏ మార్పూ కలపకుండా, పెండింగ్ బ్రాంచులన్నీ కలిసిపోయాక చేయండి. "అన్ని లైన్లూ నీ పేరు మీదకొచ్చాయి, ఎవరు రాశారో ఎలా తెలుస్తుంది" అనే అభ్యంతరం న్యాయమైనదే. ఆ కమిట్ ఐడీని ఒక ఫైల్‌లో రాసి, "గిట్ బ్లేమ్" (ఏ లైన్ ఎవరు మార్చారో చూపే కమాండ్) దాన్ని పట్టించుకోకుండా సెట్టింగ్ పెట్టొచ్చు, గిట్ 2.23 నుంచి ఉంది ఇది.

లింటర్ (కోడ్‌ని నడపకుండానే తప్పులు ఎత్తిచూపే టూల్) మొదటిసారి నడిపితే వేలల్లో వార్నింగులు వస్తాయి. ఉన్నవాటిని బేస్‌లైన్‌గా దాచి, కొత్తగా రాసిన లైన్లకి మాత్రమే అడ్డుపడేలా పెట్టండి.

9. కోడ్ రివ్యూ

మనుషులు నొచ్చుకునేది ఇక్కడే, కాబట్టి మెల్లగా. మొదటి నెల మీ కోడ్‌నే రివ్యూకి పెట్టండి, సీనియర్లని రివ్యూయర్లుగా అడగండి. వాళ్ళకున్న డొమైన్ జ్ఞానం కామెంట్లలో బయటికి వస్తుంది, అది ఇంకెక్కడా రాసి ఉండదు.

- ఒక రివ్యూ 300 లైన్లు దాటనివ్వొద్దు
- స్పేసులు, బ్రాకెట్ల గొడవ ఫార్మాటర్‌కి వదిలేయండి, మనుషులు దాని మీద కామెంట్ పెట్టకూడదు
- "ఇది తప్పు" అని కాదు, "ఈ ఇన్‌పుట్ వస్తే ఏమవుతుంది అన్నా?" అని అడగండి
- మూడు కామెంట్లు దాటి వాదన సాగితే లేచి వెళ్ళి మాట్లాడండి
- రాత్రి అర్జెంట్ ఫిక్స్‌కి మినహాయింపు ఉండాలి, మర్నాడు రివ్యూ చేస్తే చాలు అని ముందే రాసుకోండి

10. పాత దారి మూసేయడం

రెండు దారులూ తెరిచి ఉంచితే ఎక్కడి గొంగళి అక్కడే. కొందరు ఫోల్డర్‌లో, కొందరు గిట్‌లో మారుస్తుంటే ఏది అసలుదో ఎవరికీ తెలీదు, ఇంతకుముందు కంటే అధ్వాన్నం. తేదీ పెట్టండి, ఆ తేదీ మేనేజర్ నోట చెప్పించండి, ఒక్కసారి కూడా జరపొద్దు.

వెనక్కి వెళ్ళే దారి మాత్రం రాసి ఉంచండి: మొదటి రెండు వారాల్లో ఏం జరిగితే పాతదానికి తిరిగి వెళ్తాం, ఎవరు నిర్ణయిస్తారు, అప్పటిదాకా వచ్చిన కమిట్లని పాతదాంట్లోకి ఎలా ఎక్కిస్తాం. ఈ కాగితం చూశాకే చాలామంది పెద్దవాళ్ళు సరే అంటారు, ఎందుకంటే వాళ్ళు అడిగేది ఇదే, మనమే వినిపించుకోం.

11. తరచుగా వచ్చే ఇబ్బందులు, వాటికి మందు

ఒకరు వారం రోజుల పని ఒకేసారి కమిట్ చేస్తున్నారు. తిట్టొద్దు. రోజు చివర బ్రాంచ్‌లోకి పుష్ చేస్తే అది బ్యాకప్ అని చెప్పండి, హార్డ్ డిస్క్ పోయిన అనుభవం ఉన్నవాళ్ళకి ఆ మాట వెంటనే ఎక్కుతుంది.

మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ (ఒకే చోట ఇద్దరి మార్పులు ఢీకొనడం) వచ్చి ఫైల్ పాత కాపీతో కొట్టేశారు. పోయిన మార్పు కమిట్ల చరిత్రలో ఉంటుంది, వెనక్కి తీయండి. తర్వాత ఆ మనిషితో కలిసి రెండు మూడు కాన్‌ఫ్లిక్టులు చేత్తో పరిష్కరించండి. బ్రాంచ్ రెండు రోజులు దాటి బతకకుండా చూస్తే కాన్‌ఫ్లిక్టులే తగ్గుతాయి.

బిల్డ్ ఫెయిలై ఎర్రగా ఉన్నా ఎవరూ పట్టించుకోవట్లేదు. ఊరికే ఫెయిల్ అయ్యే టెస్టులు ఉండుంటాయి. వాటిని పక్కకి తీసి వేరే జాబ్‌లో పెట్టండి, ఎరుపు అంటే నిజంగా ఎరుపే అవ్వాలి. పగలగొట్టినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాసే పద్ధతి కొన్నిచోట్ల ఉంది, దయచేసి వద్దు.

ఒకాయన ఎంతకీ మారట్లేదు. ఆయన వాడే ఎడిటర్, డీబగ్ చేసే తీరు, ప్రింట్ స్టేట్‌మెంట్లు, వాటి జోలికి వెళ్ళొద్దు. టీమ్ అంతా ఒకేలా ఉండాల్సింది కోడ్ ఎక్కడుంటుంది, బిల్డ్ ఎలా అవుతుంది అనే రెండిట్లోనే. మిగతాది ఎవరిష్టం వాళ్ళది. ఈ రెండిట్లో కూడా ఆగిపోతే మూడు నెలల తర్వాత అది మేనేజర్ మాట్లాడాల్సిన విషయం, మీరు మాట్లాడాల్సింది కాదు.

మీరు లేకపోతే అంతా ఆగిపోతోంది. అంటే పాత బిల్డ్ మనిషి స్థానంలో ఇప్పుడు మీరున్నారు. సెలవు పెట్టే ముందు వారం సర్వర్ అప్‌గ్రేడ్, యూజర్లని చేర్చడం, బ్యాకప్ నుంచి తిరిగి తేవడం ఈ మూడూ ఇంకొకరి చేత చేయించండి, మీరు పక్కన కూర్చోండి, కీబోర్డు ముట్టుకోకుండా. ఎక్కడ ఆగి మిమ్మల్ని అడిగారో అక్కడల్లా డాక్యుమెంట్‌లో ఒక లైన్ చేర్చండి.